కౌన్సెలర్ పోస్టు నింపితే సరిపోదు: ఇంటర్ బోర్డులకు, రెసిడెన్షియల్ కాలేజీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డుల కార్యదర్శులకు, గురుకుల సొసైటీల అధికారులకు, ప్రైవేటు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు,

నమస్కారాలు.

మేము జూనియర్ కాలేజీల్లో, గురుకులాల్లో, హైస్కూళ్లలో కౌన్సెలర్లుగా పనిచేస్తున్నవాళ్లం. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత మా ఉద్యోగం గురించి అందరూ మాట్లాడుతున్నారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జూలైలో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసు అది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించి ఊరుకోలేదు. దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చి, సరైన చట్టం వచ్చేదాకా వాటినే పాటించాలని చెప్పింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలన్నది అందులో ఒకటి.

కౌన్సెలర్లు కావాలని ప్రకటనలు పడుతున్నాయి. అది మంచిదే. కానీ చేరిన మనిషి చేత ఏ పని చేయిస్తున్నారో చూడండి. పొద్దున గైర్హాజరైన పిల్లల ఇళ్లకు ఫోన్లు. మధ్యాహ్నం పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్. సాయంత్రం ఫీజు బకాయిల జాబితా. వేసవి వస్తే పదో తరగతి పిల్లల ఇళ్ల చుట్టూ అడ్మిషన్ల కోసం తిరుగుడు. తనిఖీకి వచ్చిన అధికారి అడిగితే 'ఉన్నారు సార్, కౌన్సెలర్' అని చూపిస్తారు. పోస్టులో మనిషి ఉన్నంత మాత్రాన పిల్లలకు కౌన్సెలర్ ఉన్నట్టు కాదు. ఆ మనిషికి సమయం, గది, గుట్టు కాపాడే వీలు, మాటకు విలువ ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది తగ్గినా మిగిలినవి పనిచేయవు. 2001లో నీరదారెడ్డి కమిటీని, 2017లో చక్రపాణి కమిటీని వేసింది ఇంటర్ పిల్లల చావుల మీదే. సిఫార్సులకు మన దగ్గర కొరత ఎప్పుడూ లేదు. వాటిని రోజువారీ పనిలోకి ఎలా దించాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు లెక్క చూద్దాం. ఒక పిల్లవాడితో మొదటిసారి కూర్చుంటే 40 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత నోట్సు రాసుకోవడానికి, అవసరమైతే వార్డెన్‌తోనో లెక్చరర్‌తోనో మాట్లాడటానికి మరో 15 నిమిషాలు. ఇలాంటివి రోజుకు 5, మహా అయితే 6. అంతకు మించి చేస్తే ఏడో పిల్లవాడు చెప్పేది చెవిన పడుతుంది గానీ మనసుకు ఎక్కదు. ఇప్పుడు 600 మంది జూనియర్ ఇంటర్ పిల్లలున్న క్యాంపస్ తీసుకోండి. ఒక్కొక్కరితో 20 నిమిషాల పరిచయం చాలనుకున్నా 200 గంటలు. రోజుకు 4 గంటలు దానికే కేటాయిస్తే 50 పనిరోజులు. జూన్‌లో మొదలుపెడితే ఆ ఒక్క చుట్టు పూర్తయ్యేసరికి ఆగస్టు వస్తుంది. ఇక సీనియర్ ఇంటర్ వాళ్లు, ఇంటర్ అయ్యాక ఎంట్రన్స్ కోసం మళ్లీ కోచింగ్ తీసుకునే లాంగ్ టర్మ్ వాళ్లు ఎప్పుడు? 1,500 మందికి ఒక్కరిని పెట్టి 'కౌన్సెలింగ్ సౌకర్యం కలదు' అని బ్రోచర్లో వేసుకోవడం తల్లిదండ్రులను మోసగించడమే.

విద్యార్థులకు, కౌన్సెలర్లకు మధ్య తగిన నిష్పత్తి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అంకె ఎంతో రాష్ట్రాలు తేల్చాలి. అమెరికాలో స్కూల్ కౌన్సెలర్ల సంఘం 250 మందికి ఒకరు ఉండాలంటుంది. మన పరిస్థితి తెలిసే అడుగుతున్నాం: హాస్టల్ పిల్లలు 300 మందికి ఒకరు, ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్లు 500 మందికి ఒకరు. అమ్మాయిల క్యాంపస్‌లో మహిళా కౌన్సెలరే ఉండాలి. అనుబంధ గుర్తింపు పునరుద్ధరించేటప్పుడు ఫైర్ ఎన్‌ఓసీ అడిగినట్టే ఈ లెక్కనూ అడగండి. పేరు, చదువు, చేరిన తేదీ, జీతం బ్యాంకు ద్వారా ఇస్తున్నట్టు ఆధారం, ఈ నాలుగూ చూస్తే కాగితం మీది కౌన్సెలర్లు బయటపడతారు.

తర్వాత టైమ్‌టేబుల్. రెసిడెన్షియల్ కాలేజీలో పిల్లల రోజు తెల్లవారుజామున 5కు మొదలై రాత్రి 10 దాటాక ముగుస్తుంది. కౌన్సెలర్ డ్యూటీ 9 నుంచి 5. ఆ వేళల్లో క్లాసులే క్లాసులు. మిగిలేది భోజన విరామం, ఆటల గంట. ఆటల గంట వదులుకుని ఏ పిల్లవాడూ రాడు, రానక్కర్లేదు కూడా. వారానికి కనీసం రెండు రోజులు కౌన్సెలర్ డ్యూటీని మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 9 దాకా మార్చండి. సాయంత్రం స్టడీ అవర్‌లో 40 నిమిషాలు పిల్లవాడిని పంపితే పోయే చదువు ఏమీ లేదు. మనసు బాగాలేని పిల్లవాడు ఆ 40 నిమిషాలూ పుస్తకం తెరిచిపెట్టుకుని ఒకే పేజీ చూస్తూ కూర్చుంటాడు.

పిలిచే పద్ధతి కూడా ముఖ్యమే. మైకులో పేరు చదివినా, ఫ్లోర్ ఇన్‌చార్జి వచ్చి 'నిన్ను కౌన్సెలర్ మేడమ్ రమ్మంది' అని సెక్షన్ ముందు అరిచినా ఆ పిల్లవాడు మళ్లీ రాడు. లైబ్రరీకి, ఆఫీసుకు, సిక్ రూమ్‌కు వెళ్లడానికి ఏ స్లిప్పు వాడుతున్నారో అదే స్లిప్పు చాలు, కారణం రాయనక్కర్లేదు. మొదటి చుట్టులో రోల్ నంబర్ల వరసన అందరినీ పిలవాలని మేము పట్టుబట్టేది కూడా ఇందుకే. అందరూ వెళ్లే గది అయితే ఎవరి మీదా ముద్ర పడదు. ఎక్కువ మంది నోరు విప్పేది రెండో రాకలోనే. మొదటిసారి గది చూసి, మనిషిని చూసి పోతారు.

గదికి పెద్ద ఖర్చేమీ లేదు. 10 అడుగులకు 10 అడుగులు చాలు. అది ప్రిన్సిపల్ గది పక్కన ఉండకూడదు, రిసెప్షన్‌కు ఎదురుగా అసలు ఉండకూడదు. లైబ్రరీ పక్కనో సిక్ రూమ్ వరసలోనో ఉంటే ఎవరు ఎందుకు వెళ్తున్నారో బయటికి తెలియదు. లోపల సీసీ కెమెరా వద్దు, వరండాలో ఉంటే చాలు. తలుపుకు పైభాగంలో చిన్న అద్దం ఉండాలి. లోపల ఇద్దరు కూర్చున్నారని కనబడాలి, మాట మాత్రం వినబడకూడదు. ఇది పిల్లలకూ రక్షణ, కౌన్సెలర్‌కూ రక్షణ. గడియ పెట్టరాదు. కుర్చీలు బల్లకు అటూ ఇటూ వేస్తే అది విచారణ గదిలా ఉంటుంది. బల్ల పక్కకు జరిపి, కాస్త వాలుగా వేయాలి. కళ్లలోకి చూడలేని పిల్లవాడికి కిటికీ వైపు చూసే వీలుండాలి. మంచినీళ్లు, టిష్యూ పేపర్, గోడ గడియారం, తాళం వేసుకునే బీరువా. బీరువా తాళంచెవి కౌన్సెలర్ దగ్గర, మారుతాళం సీలు వేసిన కవరులో ప్రిన్సిపల్ దగ్గర. ఆ కవరు తెరిస్తే తేదీ, కారణం రాసి సంతకం చేయాలి.

పని ఎక్కువగా చెడేది గుట్టు దగ్గర. కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాం.

మొదటి రోజే పిల్లవాడికి మేము చెప్పే మాట ఇది: 'నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. మూడు సందర్భాల్లో మాత్రం వేరేవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. నీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే, నీ వల్ల ఇంకొకరికి ప్రమాదం ఉందనిపిస్తే, నీ మీద గానీ మరో పిల్ల మీద గానీ లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే. అప్పుడు కూడా ఎవరికి, ఏం చెబుతున్నానో ముందు నీకే చెబుతాను.' ఈ మాట కాలేజీ నిలబెట్టాలి. సాయంత్రం ప్రిన్సిపల్ 'వాడు ఏం చెప్పాడు?' అని అడగడం, వార్డెన్ విని రాత్రి హాస్టల్లో దెప్పడం జరిగితే ఆ ఒక్క పిల్లవాడే కాదు, అతని రూమ్‌లో ఉన్న మిగతా వాళ్లు కూడా మా గడప తొక్కరు. ప్రేమ వ్యవహారం, సిగరెట్, ఫోన్ దాచుకోవడం, లెక్చరర్ మీద కోపం ప్రాణాపాయాలు కావు. వాటిని తల్లిదండ్రుల చెవిన వేయడం మా పని కాదు. ఆ పని మాచేత చేయించకండి.

మూడో సందర్భంలో చట్టమే మాట్లాడుతుంది. 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన వ్యక్తి స్థానిక పోలీసులకో ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద 6 నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి చెప్పకపోతే ఏడాది దాకా. 'ముందు మేనేజ్‌మెంట్‌తో మాట్లాడదాం, కాలేజీ పేరు పోతుంది' అనే మాటకు ఈ చట్టంలో చోటు లేదు. ప్రిన్సిపల్ అనుమతి కోసం ఆగాల్సిన పని లేదని మీ సర్క్యులర్‌లో ఒక వాక్యం రాయండి. అది ఉంటే ఉద్యోగం పోతుందన్న భయంతో వెనకాడే కౌన్సెలర్ వెనకాడరు.

రికార్డులు రెండు రకాలుగా ఉండాలి. ఒకటి రిజిస్టర్: తేదీ, కోడ్ నంబర్, ఎన్ని నిమిషాలు, ఏ రకం సమస్య, మళ్లీ ఎప్పుడు రావాలి. పేరు ఉండదు. తనిఖీకి ఇదే చూపాలి. రెండోది కేసు నోట్సు, అది బీరువాలో ఉంటుంది. నోట్సులో కౌన్సెలర్ అభిప్రాయం కంటే పిల్లవాడి మాటలే ఎక్కువ ఉండాలి. 'డిప్రెషన్' అని రాయడానికి మాకు అధికారం లేదు, అది డాక్టరు తేల్చాల్సింది. 'మూడు వారాలుగా నిద్ర పట్టడం లేదన్నాడు, అన్నం సగం వదిలేస్తున్నాడు' అని రాయగలం. తల్లిదండ్రులకు కనిపించే కాలేజీ యాప్‌లో గానీ, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో గానీ ఒక్క ముక్క కూడా పెట్టకూడదు. గ్రూపులో పెట్టిన 'ఫలానా రోల్ నంబర్ మీద కన్నేసి ఉంచండి' అన్న మెసేజ్ గంటలో హాస్టల్ అంతా తిరుగుతుంది.

నెలకోసారి ప్రిన్సిపల్‌కు లెక్కలు ఇస్తాం, పేర్లు ఇవ్వం. ఆ లెక్కలు కాలేజీకి చాలా పనికొస్తాయి. మూడో అంతస్తు నుంచే ఎక్కువ మంది నిద్ర లేదంటున్నారంటే అక్కడ నల్లులు ఉన్నాయేమో, రాత్రి నీళ్ల మోటారు చప్పుడేమో చూడాలి. తలనొప్పి అంటూ వచ్చేవాళ్లలో కొందరికి కావలసింది కళ్లజోడు. నెలసరి నొప్పికి సిక్ రూమ్‌లో వేడినీళ్ల సంచి, మాత్ర లేక క్లాసులో మెలికలు తిరిగే అమ్మాయికి 'ఏకాగ్రత లేదు' అని పేరు పడుతుంది. పది బాత్‌రూముల్లో నాలుగు పనిచేయకపోతే తెల్లవారుజామున 4కే లేవాలి. ఇవన్నీ మానసిక సమస్యలుగా మా దగ్గరికి వస్తాయి. ప్లంబర్ తీర్చే సమస్యను కౌన్సెలర్ తీర్చలేరు.

జూన్, జూలై నెలల్లో ప్రత్యేకంగా గమనించాల్సినవాళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి ఒక్కసారిగా ఇంగ్లిష్ మీడియం ఎంపీసీ, బైపీసీలో పడ్డ పిల్లలు. పదో తరగతిలో ఊరికంతటికీ ఫస్టు వచ్చిన పిల్లవాడు తొలి వీకెండ్ టెస్టులో అడుగున తేలతాడు. తనకు బుర్ర లేదనుకుంటాడు. అతనికి లేనిది భాష. ఫిజిక్స్‌లో వేగానికి, త్వరణానికి, బలానికి ఇంగ్లిష్‌లో ఏమంటారో తెలిస్తే లెక్క అతనే చేస్తాడు. సబ్జెక్టుకు 150 మాటల చొప్పున రెండు భాషల్లో పట్టిక, మొదటి 8 వారాలు రోజుకు అరగంట బ్రిడ్జి క్లాసు, సందేహం తెలుగులో అడగొచ్చని లెక్చరర్ నోట ఒక్క మాట. ఇవి లేకుండా అతన్ని మా దగ్గరికి పంపి 'ధైర్యం చెప్పండి' అంటే ఏం ప్రయోజనం?

ఏడాదిలో ప్రమాదకరమైన రోజులు ముందే తెలుసు. చేరిన మొదటి ఆరు వారాలు. టెస్టు తర్వాత సెక్షన్లు మార్చే రోజు. దసరా, సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చిన తొలి రెండు రోజులు. ఆ బ్యాగు సర్దుకునేటప్పుడే చాలామంది లోపల కుంగిపోతారు. జేఈఈ మెయిన్ మొదటి సెషన్ ఫలితం వచ్చి, ఇంటర్ పరీక్షలు దగ్గరపడే రోజులు. ఆపైన ఇంటర్ ఫలితాల రోజు. ఈ తేదీల్లో కౌన్సెలర్‌కు ఇంకే డ్యూటీ వేయకూడదు.

ఫలితాల రోజు గురించి ఇంకొంచెం చెప్పాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఏం జరిగిందో ఎవరూ మరచిపోలేదు. 99 మార్కులు వచ్చిన జవాబు పత్రానికి సున్నా పడింది. ఆ ఫలితాల తర్వాత ప్రాణాలు తీసుకున్న పిల్లల ఇళ్లలో ఆ తప్పును ఎవరు సరిదిద్దగలరు? ఫలితాలకు రెండు వారాల ముందే ప్రతి కాలేజీ ఒక జాబితా తయారు చేసుకోవాలి: తప్పుతారనుకునేవాళ్లు, వాళ్లతో పాటు స్టేట్ ర్యాంకు వస్తుందని అందరూ అనుకునేవాళ్లు. రెండో రకాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 985 ఆశించి 940 వచ్చిన పిల్లవాడిని అందరూ అభినందిస్తుంటే అతను ఏడుపు దిగమింగుకుంటూ ఉంటాడు. ఒక్కో లెక్చరర్‌కు 15 మంది చొప్పున పంచాలి. ఫలితం వచ్చిన గంటలోపు ఫోను వెళ్లాలి, ముందు తల్లిదండ్రులకు, తర్వాత పిల్లవాడికి. తల్లిదండ్రులకు చెప్పాల్సింది: ఈ రాత్రి ఒంటరిగా వదలకండి, చుట్టాల ముందు మార్కుల ఊసెత్తకండి, తిట్టాలనిపిస్తే వారం ఆగండి. పిల్లవాడికి చెప్పాల్సింది సమాచారం: రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ దరఖాస్తుకు చివరి తేదీ, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఎప్పుడు, అందులో పాసైతే ఈ ఏడే పై చదువుకు వెళ్లొచ్చన్న సంగతి. ఆ సమయంలో ఓదార్పు మాటల కంటే తేదీలే ఎక్కువ నిలబెడతాయి.

ఇప్పుడు చెప్పండి, మా కాంట్రాక్టులు ఎన్ని నెలలకు రాస్తున్నారు? జూన్ నుంచి మార్చి దాకా పది నెలలు. ఫలితాలు వచ్చేది ఏప్రిల్‌లో. సప్లిమెంటరీ ఆ తర్వాత. పిల్లలకు అందరికంటే మేము అవసరమైన నెలల్లో మాకు ఉద్యోగం లేదు. కాంట్రాక్టు 12 నెలలకు రాయండి. ఈ లేఖలో ఒకే ఒక్క కోరిక తీర్చగలమని మీరంటే, ఇదే అడుగుతాం.

చనిపోవాలన్న ఆలోచన ఉన్న పిల్లల విషయంలో ఏం చేయాలో సిబ్బంది అందరికీ తెలియాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అది నిజం కాదు. 'చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అని నెమ్మదిగా, సూటిగా అడగాలి. అడిగినవాళ్లు ఉన్నారన్న ఊరటతోనే కొందరు నోరు విప్పుతారు. అవునంటే ఆ క్షణం నుంచి ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. పక్కన ఉండాల్సింది పెద్దవాళ్లు. రూమ్‌మేట్‌కు అప్పగించడం తప్పు, అతనూ పిల్లవాడే. ఉపన్యాసం వద్దు, 'మీ అమ్మానాన్నల గురించి ఆలోచించావా' అనే మాట అసలు వద్దు. అది అపరాధ భావాన్ని రెట్టింపు చేస్తుంది. కౌన్సెలర్ లేని వేళ అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. 24 గంటలూ తీస్తారు, తెలుగులో మాట్లాడతారు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. ఏ ఆసుపత్రికి, ఏ వాహనంలో, ఎవరు తోడు వెళ్లాలి అన్నది విద్యా సంవత్సరం మొదట్లోనే రాసి గోడకు పెట్టుకోవాలి. రాత్రి 11 గంటలకు వెతుక్కునే పని కాదు.

తర్వాత జరిగే తప్పు మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. తండ్రిని పిలిపించి, 'మా వల్ల కాదు, తీసుకెళ్లండి' అని టీసీ చేతిలో పెట్టి ఆ సాయంత్రమే బస్సెక్కించడం. కాలేజీకి భారం దిగుతుంది. ఆ పిల్లవాడికి మాత్రం తాను ఎవరికీ అక్కర్లేదన్న అనుమానం రూఢి అవుతుంది. ఇలా ఇచ్చే టీసీలను బోర్డు ఆపాలి. డాక్టరు సరేనన్నాక పిల్లవాడు తిరిగొచ్చే హక్కు ఉండాలి. వచ్చిన మొదటి వారం సగం టైమ్‌టేబుల్, టెస్టుల నుంచి రెండు వారాల మినహాయింపు, వారానికి రెండుసార్లు కౌన్సెలర్‌తో కూర్చోవడం. ఎక్కడికి వెళ్లావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ముందే అతనితో కలిసి అనుకోవాలి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో విషయం దాచే ప్రిన్సిపళ్లకు ఒక మాట: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 ప్రకారం, అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. దయచేసి ఆ శిక్షణకు లెక్చరర్లనే కూర్చోబెట్టి సరిపెట్టకండి. ఎవరు అన్నం తినడం లేదో మెస్‌లో వడ్డించే ఆమెకు తెలుసు. ఎవరు రాత్రి రెండింటికి వరండాలో తిరుగుతున్నారో వాచ్‌మన్‌కు తెలుసు. ఎవరు బాత్‌రూములో ఏడుస్తున్నారో ఆయాకు తెలుసు. వాళ్లు చూసింది ఎవరికి చెప్పాలో వాళ్లకు తెలియదు, అంతే.

ఇక మాటకు విలువ. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం, మోయలేని లక్ష్యాలు పెట్టడం మానుకోవాలని కోర్టు మార్గదర్శకాల్లోనే ఉంది. అయినా ప్రతి సోమవారం ర్యాంకు షీటు గోడకెక్కుతోంది. ఫొటో కింద మార్కులు, పైనుంచి కిందికి. ఒక వైపు ఆ షీటు అంటిస్తూ మరో వైపు కౌన్సెలర్‌ను పెట్టడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఎవరి మార్కులు వాళ్లకు కాగితం మీద ఇవ్వండి, గత నెలతో పోల్చి ఎంత పెరిగిందో చూపండి. పిల్లవాడు చదవడానికి అది చాలు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. రాత్రి 10.30కు లైట్లు ఆర్పి 5కు గంట కొడితే దక్కేది ఆరున్నర. ఈ ఒక్క మార్పు, అంటే ఉదయం స్టడీ అవర్‌ను గంట ఆలస్యంగా మొదలుపెట్టడం, మా గదికి వచ్చే ఎన్నో సమస్యలను అక్కడిదాకా రాకుండానే తగ్గిస్తుంది. అకడమిక్ కమిటీ సమావేశంలో కౌన్సెలర్‌కు కుర్చీ వేయండి. ఒక పిల్లవాడికి మూడు రోజుల దాకా టెస్టుల నుంచి, స్టడీ అవర్ నుంచి విశ్రాంతి ఇచ్చే అధికారం, డీన్‌ను అడగకుండా, కౌన్సెలర్‌కు ఉండాలి.

కౌన్సెలర్‌గా ఎవరిని తీసుకోవాలి? సైకాలజీలో పీజీ, లేదా సోషల్ వర్క్‌లో పీజీ, దాంతో పాటు పిల్లలతో పనిచేసిన పర్యవేక్షిత అనుభవం. ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్, కౌన్సెలింగ్‌లో డిప్లొమా కోర్సు నడుపుతుంది. అది చేసినవాళ్లూ పనికొస్తారు. రెండు రోజుల సర్టిఫికెట్ తెచ్చుకున్న బోటనీ లెక్చరర్ మంచి మనిషే కావచ్చు, కానీ ఆయన అదే పిల్లలకు మార్కులు వేస్తారు. మార్కులు వేసే చేతికి మనసు విప్పి చెప్పడం కష్టం. ఇంటర్వ్యూలో డిగ్రీలు చూసి ఊరుకోకుండా, మౌనంగా కూర్చున్న పిల్లవాడి పాత్రను ఒకరి చేత వేయించి 15 నిమిషాలు మాట్లాడమనండి. తొందరగా సలహా ఇచ్చేవాళ్లెవరో, ఓపికగా కూర్చునేవాళ్లెవరో అక్కడే తెలుస్తుంది. జీతం సీనియర్ లెక్చరర్‌తో సమానంగా లేకపోయినా జూనియర్ లెక్చరర్ కంటే తగ్గకూడదు. ఏడాదికొకరు మారిపోతుంటే, ప్రతి జూన్‌లో పిల్లవాడు తన కథ కొత్తవాళ్లకు మొదటి నుంచి చెప్పుకోవాలి. చాలామంది చెప్పుకోరు.

మా పనిలో దొరకనిది మరొకటి ఉంది, పర్యవేక్షణ. రోజూ ఇతరుల దుఃఖం వినే మనిషికి, చేస్తున్నది సరిగా ఉందో లేదో చూసే పెద్ద ఒకరు కావాలి. 15 రోజులకు ఒకసారి గంటసేపు, జిల్లా కేంద్రంలోని సైకియాట్రిస్టుతోనో సీనియర్ సైకాలజిస్టుతోనో 8 మంది కౌన్సెలర్లు కలిసి కేసులు చర్చించే ఏర్పాటు చేయండి, పేర్లు లేకుండా. ఇది లేకనే మంచి కౌన్సెలర్లు మూడు నాలుగేళ్లకు అలసిపోయి వేరే ఉద్యోగాలకు పోతున్నారు.

హైస్కూళ్ల సంగతి క్లుప్తంగా. ఇంటర్‌లో మేము చూసే ఇబ్బందుల్లో కొన్ని పదో తరగతి తర్వాత వారం రోజుల్లో తీసుకున్న నిర్ణయం వల్ల వస్తాయి. దారులు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే తెలియాలి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో పది తర్వాత ఆరేళ్ల చదువు ఉంది. వ్యవసాయ డిప్లొమా ఉంది, ఐటీఐ ఉంది, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ ఉన్నాయి. అన్న ఎంపీసీ చదివాడని తమ్ముడూ ఎంపీసీయే చదవాల్సిన పని లేదని తల్లిదండ్రులకు చెప్పే సమావేశం తొమ్మిదో తరగతిలో జరగాలి. అడ్మిషన్ల కోసం తిరిగే కాలేజీల పీఆర్‌ఓలు ఇంటికి రాకముందే.

వచ్చే విద్యా సంవత్సరం అనుబంధ గుర్తింపు నోటిఫికేషన్‌లోనే కౌన్సెలర్ల నిష్పత్తి, 12 నెలల కాంట్రాక్టు, గది కొలతలు, టీసీలపై ఆంక్ష, అడ్మిషన్ల పనికి కౌన్సెలర్‌ను వాడరాదన్న షరతు చేర్చమని కోరుతున్నాం. ఫిర్యాదు చేసిన కౌన్సెలర్‌ను తొలగించే ముందు జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీకి తెలియజేయాలన్న నిబంధన కూడా ఉండాలి. పేర్లు లేని రిజిస్టర్ నమూనా, నెలవారీ నివేదిక నమూనా, ఫలితాల రోజు ఫోన్‌లో మాట్లాడాల్సిన ప్రశ్నల కాగితం, తెలుగు మీడియం పిల్లల కోసం ఫిజిక్స్, కెమిస్ట్రీ పదాల పట్టిక మా దగ్గర తయారుగా ఉన్నాయి. బోర్డు కార్యాలయానికి ఏ రోజు రమ్మంటే ఆ రోజు తెచ్చి, ఒక్కొక్కటీ ఎలా వాడాలో చూపిస్తాం.

ఇట్లు,
రెండు తెలుగు రాష్ట్రాల జూనియర్ కాలేజీలు, గురుకులాలు, హైస్కూళ్లలో పనిచేస్తున్న కౌన్సెలర్లం